దెయ్యాలకి తలుపేసి, వెక్కిరింతకి పీట వేశాం

మన ఇళ్లలో ఎవరూ గోడ మీద రాసి పెట్టకపోయినా అందరూ పాటించే రూలు ఒకటుంది. దెయ్యాల సినిమా ఇంట్లో పెట్టకూడదు. కామెడీ షో ఎప్పుడైనా పెట్టుకోవచ్చు.

మొదటిదానికి మనం చెప్పే కారణాలు బోలెడు. పిల్లలు జడుసుకుంటారు, రాత్రిళ్లు లేచి ఏడుస్తారు, దీపాలు పెట్టే వేళ ఆ అరుపులు ఇంటికి మంచిది కాదు, అసలే ఇంట్లో ఒకళ్లకి ఒంట్లో బాగా లేదు. రెండోదానికి ఒక్కటే కారణం, అది అన్నిటికీ సరిపోతుంది. నవ్వు నాలుగు విధాల మంచిది కదా! పొద్దున్నించీ చాకిరీ చేసి అలసిపోయాం, కాసేపు నవ్వుకుంటే తప్పేంటి?

నవ్వుకుంటే తప్పు లేదు. ఏం చూసి నవ్వుతున్నామన్న దాంట్లో ఉంది తిరకాసంతా. నన్నడిగితే ఈ రూలు తలకిందులుగా ఉంది. మనం తలుపేస్తున్న చోట వచ్చే నష్టం చిన్నది, పీట వేసి కూర్చోబెడుతున్న చోట వచ్చే నష్టం పెద్దది. ఈ మాట మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ల దగ్గర అంటే నలుగురూ నా మీద పడ్డారు. "నీకు దెయ్యాలంటే సరదా కాబట్టి అలాగే అంటావు" అంది ఒకావిడ. సరదా ఉన్న మాట నిజమే. కానీ వాదన సరదా మీద నిలబెట్టలేదు. అదేంటో ఇక్కడ తీరిగ్గా చెప్తాను.

ముందు ఒక తమాషా విషయం. బి.ఏ.లో మాకు రసాల పాఠం ఉండేది. భరతుడు నాట్యశాస్త్రంలో 8 రసాలు చెప్పాడు, శాంతం కలిపి 9 అన్నది తర్వాతివాళ్ల మాట. ఆ 8లో హాస్యం ఉంది, భయానకం ఉంది, బీభత్సం కూడా ఉంది. అంటే మనవాళ్లు భయాన్ని ఇంట్లోంచి గెంటెయ్యలేదు, శృంగార వీరాలతో సమానంగా పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించారు. ఇంకా తమాషా ఏంటంటే, హాస్యమూ భయమూ ఎక్కువగా స్త్రీలలోనూ, నీచ ప్రకృతి గలవాళ్లలోనూ కనబడతాయన్నాడు ఆయన. ఆ నీచుల పక్కన మనల్ని ఎందుకు కూర్చోబెట్టాడో ఆయన్నే అడగాలి! సరే, మన ఖాతాలో వేసిన రసాలు రెండూ ఇవే కాబట్టి, వాటి మీద తీర్పు చెప్పే హక్కు మనకే ఎక్కువ ఉంది.

అదే పాఠంలో నవ్వుల్లో రకాలు కూడా ఉండేవి. స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని 6. మొదటి రెండూ ఉత్తములవి, మధ్యలోవి మధ్యములవి, చివరి రెండూ అధములవి. పరీక్షకి బట్టీ పట్టినప్పుడు ఇదేదో పళ్లు ఎంత కనబడాలన్న గొడవ అనుకునేవాళ్లం. కానీ అపహసితం దగ్గర ఒక లక్షణం ఉంది, అది నాకు ఇప్పుడు బాగా పనికొస్తోంది. నవ్వకూడని చోట నవ్వడం. అస్థానంలో నవ్వు. ఇవాళ్టి కామెడీ షోల మీద నా ఫిర్యాదు మొత్తం ఆ ఒక్క మాటలో ఇమిడిపోతుంది.

ఎవరో ఒకరు అడ్డు చెప్తారని తెలుసు. "మరి వికృతమైన వేషం, వికృతమైన మాట చూసినా నవ్వొస్తుందని భరతుడే అన్నాడు కదా" అని. అన్నాడు. నవ్వు దేనివల్ల పుడుతుందో చెప్పాడు, ఆ తర్వాత ఏ నవ్వు ఎవరి స్థాయికి తగిందో కూడా చెప్పాడు. రెండో సగం వదిలేసి మొదటి సగం పట్టుకోవడం మనకి బాగా అలవాటు.

ఇక అసలు విషయంలోకి వస్తాను.

తెలుగు టీవీలో స్కిట్ కామెడీ ఊపందుకుంది 2013లో ఈటీవీలో జబర్దస్త్ మొదలయ్యాకే. తర్వాత అన్ని ఛానెళ్లూ ఆ బాటే పట్టాయి. నేను ఒక్క షో గురించి మాట్లాడటం లేదు, ఆ మూసలో వచ్చిన మొత్తం పంట గురించి మాట్లాడుతున్నాను. వాటివల్ల మేలు జరగలేదని కూడా అనను. ఊళ్లలోంచి, చిన్న స్టేజీల మీద నుంచి వచ్చిన పేదింటి కుర్రాళ్లకి పేరు వచ్చింది, చేతికి నాలుగు డబ్బులు వచ్చాయి. ఆ స్కిట్లు చేసిన వేణు యెల్దండి 2023లో బలగం తీస్తే చావింటి చుట్టూ తిరిగే ఆ కథకి ఊళ్లకి ఊళ్లు కూర్చుని ఏడ్చాయి, నవ్వాయి కూడా. అంటే ఆ కుర్రాళ్లలో సరుకు లేక కాదు. సరుకున్నవాళ్ల చేత కూడా చవకబారు పని చేయించే మూస అది.

ఆ మూస ఏంటో ఒకసారి లెక్కేసి చూడండి. ఈసారి చూసేటప్పుడు కథ మీద కాకుండా ఒక్క ప్రశ్న మీద దృష్టి పెట్టండి. ఇక్కడ ఎవర్ని చూసి నవ్వుతున్నాం? నేను కొన్ని వారాలపాటు కూరగాయలు తరుక్కుంటూ ఇదే పని చేశాను. లావుగా ఉన్నమ్మాయి. నల్లగా ఉన్నమ్మాయి. పెళ్లి కాని ముదురు వయసు అమ్మాయి. పొట్టివాడు. బట్టతల వాడు. నత్తివాడు. అనుమానప్పెళ్లాం. వంట రాని పెళ్లాం. పుట్టింటివాళ్లని పిలిచే పెళ్లాం. పక్కింటావిడ, ఆవిడ వైపు చూసే మొగుడు. గయ్యాళి అత్త. తిరిగి తిరిగి ఈ పదిమందే. ఊళ్లో ఇంతమంది జనం ఉండగా, మోసం చేసే వ్యాపారి, లంచం అడిగే గుమాస్తా, కట్నం లెక్కపెట్టుకునే పెళ్లికొడుకు తండ్రి ఎంత అరుదుగా వస్తారో! బలం ఉన్నవాణ్ని చూసి నవ్వాలంటే ధైర్యం కావాలి. ఒళ్లు లావుగా ఉన్నపిల్లని చూసి నవ్వడానికి ఏం కావాలి?

ఇంకోటి గమనించండి. ఈ స్కిట్లలో పెళ్లాం వేషం చాలాసార్లు చీర కట్టిన మగవాడే వేస్తాడు. మన దగ్గర ఆడవేషం కొత్తేం కాదు, గౌరవంగా వేసిన మహానుభావులు స్టేజీ మీద ఎందరో ఉన్నారు. ఇక్కడ దాన్ని వాడుకునే తీరే వేరు. చీరలో ఉన్నది మగవాడని మనకి తెలుసు కాబట్టి ఆ "పెళ్లాన్ని" తన్నొచ్చు, చెంప మీద కొట్టొచ్చు, జుట్టు పట్టి ఈడ్చొచ్చు, ఎంత బూతు మాటైనా అనొచ్చు. నిజంగా ఆడదాన్ని అలా చేసి చూపిస్తే మనం ఛానెల్ మార్చేస్తాం. మగవాడికి చీర కట్టి చూపించేసరికి పకపకా నవ్వుతాం. కానీ చూస్తున్న ఎనిమిదేళ్ల పిల్లాడి కంటికి కనబడేదేంటి? చీర, బొట్టు, గాజులు, వాటి మీద పడే దెబ్బ, ఆ దెబ్బకి పగలబడి నవ్వుతున్న పెద్దవాళ్లు. అంతే.

నవ్వు రాకపోయినా నవ్వించే ఏర్పాట్లు కూడా బ్రహ్మాండంగా ఉంటాయి. మాట పడగానే డప్పు చప్పుడు, వెంటనే జడ్జీల కుర్చీల వైపు కెమెరా, అక్కడ పొట్ట పట్టుకుని నవ్వుతున్న ముఖం. దెయ్యాల సినిమాలో సడన్‌గా ధడేలుమని సౌండు పెట్టి ఉలిక్కిపడేలా చేస్తారని తిడతాం కదా, ఇదీ అదే టెక్నిక్కు. ఒకటి భయపడమంటుంది, ఇంకోటి నవ్వమంటుంది.

"అబ్బా, జోకు జోకుగా తీసుకోవాలి, అన్నీ సీరియస్‌గా తీసుకుంటే ఎలా?" ఈ మాట ఎప్పుడూ ఎవరు అంటారో చూశారా? జోకు తగలనివాళ్లు. తగిలినవాళ్లు ఆ మాట అనగా నేను వినలేదు.

మా తోటికోడలి కూతురు తొమ్మిదో తరగతి. కాస్త బొద్దుగా ఉంటుంది, మా అత్తగారి పోలిక. పోయిన ఏడాది ఓణీల ఫంక్షన్ చేశారు. పిల్ల పట్టు లంగా ఓణీలో కుర్చీలో కూర్చుంటే వరసైన కుర్రాడొకడు మైకు పట్టుకుని, టీవీలో లావుపాటి ఆడవేషానికి వాడే పేరొకటి పెట్టి పిలిచాడు. హాలంతా ఘొల్లుమంది. పెద్దవాళ్లు కూడా. పిల్ల కూడా నవ్వింది, ఏం చేస్తుంది మరి, రెండొందల మంది ముందు! ఆ వారం నుంచి స్కూలుకి తీసుకెళ్లిన లంచ్ బాక్సు తెరవకుండా ఇంటికి తేవడం మొదలుపెట్టింది. వాళ్లమ్మకి తెలియడానికి రెండు నెలలు పట్టింది, అదీ ప్రేయర్‌లో కళ్లు తిరిగి పడిపోయాక. డాక్టరు రక్తం తక్కువగా ఉందని మాత్రలు రాశారు. ఆ కుర్రాడు చెడ్డవాడేం కాదండీ. ఆ మాట వాడిది కూడా కాదు. వాళ్ల ఇంట్లో ప్రతి వారం హాల్లో అందరూ కలిసి నవ్వుకున్న మాటే, మైకు దొరికితే బయటికొచ్చింది.

ఇప్పుడు చెప్పండి. దెయ్యం సినిమా చూసిన పిల్ల ఒక రాత్రి అమ్మ పక్కలో పడుకుంటుంది. మర్నాడు పొద్దున్న స్కూలుకెళ్లి పక్క పిల్ల పీక నొక్కదు. దెయ్యం తెరలోనే ఉండిపోతుంది. వెక్కిరింత మాత్రం తెర దిగి మన పిల్లల నాలుక మీదికెక్కి స్కూలు బస్సులో కూడా వెళ్తుంది. పైగా దెయ్యం సినిమా నిజాయితీగా ముందే చెప్తుంది, "నేను భయపెట్టడానికొచ్చాను, జాగ్రత్త" అని. కామెడీ షో మాత్రం చుట్టాల్లాగ, చేతిలో పళ్లతో వస్తుంది.

ఇక్కడ ఇంకో వాదన వస్తుంది. "మరి పాత సినిమాల్లో మాత్రం లేవా ఇవి?" అని. ఉన్నాయి. నత్తి మీద, నల్లరంగు మీద, వికలాంగుల మీద జోకులు పాతవాటిలో కూడా దండిగా ఉన్నాయి, పాతవన్నీ బంగారం అనే రకం కాదు నేను. కానీ అక్కడ ఇంకో దారి కూడా ఉండేది. 1962లో వచ్చిన గుండమ్మ కథ చూడండి. సూర్యకాంతం వేసిన గుండమ్మ గయ్యాళే. కానీ ఆవిడ దేనికి అలా ఉందో కథలో కనబడుతుంది. మొగుడు పోయి, ఆస్తి చేతిలో ఉండి, కన్నకూతురి మీద మమకారంతో సవతి కూతుర్ని పనిమనిషి చేసిన ఆడది. మనం నవ్వేది ఆవిడ ఒంటిని చూసి కాదు, ఆవిడ పక్షపాతాన్ని చూసి. అందుకే చివర్లో ఆవిడ మీద జాలి కూడా కలుగుతుంది.

జంధ్యాల సినిమాల్లో శ్రీలక్ష్మి వేషాలు గుర్తు తెచ్చుకోండి. 1984 శ్రీవారికి ప్రేమలేఖలో ఆవిడ సినిమా పిచ్చి, 1986 చంటబ్బాయ్‌లో ఆవిడ కవిత్వం పిచ్చి. ఆ పిచ్చి చూసి కడుపు చెక్కలయ్యేలా నవ్వుతాం. ఎందుకంటే ఆ పిచ్చి మనలో కూడా కాస్తో కూస్తో ఉంది. తెలుగు బి.ఏ. చదివిన నాలాంటిదానికైతే ఆ కవిత్వం సీన్లు చూస్తుంటే అద్దంలో చూసుకున్నట్టే ఉంటుంది! 1987 అహ నా పెళ్లంటలో కోట శ్రీనివాసరావు పిసినారితనం కూడా అంతే. మనిషి గుణాన్ని చూసి నవ్వాం. గుణం మార్చుకోవచ్చు. రంగు, ఎత్తు, లావు మార్చుకొమ్మంటే ఎక్కడికి పోతారు?

టీవీలోనూ ఆ దారి ఉండేది. 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో ఆదివారం రాత్రి అమృతం వచ్చేది. అమృతరావు, ఆంజనేయులు, హోటలు, ఇంటి ఓనరు అప్పాజీ. తెలివితక్కువ ప్లాను వేయడం, అందులో వాళ్లే ఇరుక్కోవడం. అందులో సంజీవని, శాంత ఇద్దరూ పెళ్లాలే. మొగుళ్లకంటే తెలివైనవాళ్లు. వాళ్ల ఒంటి మీద జోకు వెయ్యాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం, ఎవరూ తల దించుకోలేదు. ఇప్పటికీ పిల్లలు ఫోనుల్లో వెతుక్కుని మరీ చూస్తున్నారు. అలా రాయడం కష్టం. నిజమే. కష్టం కాబట్టే దానికి విలువ.

ఇక దెయ్యాల సంగతి.

దెయ్యాల కథలు ఆడవాళ్లకి పడవు అనేది పెద్ద అబద్ధం. యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం వారపత్రికలో సీరియల్‌గా వస్తుంటే దానికోసం వారం వారం కాచుకుని కూర్చున్నది ఎవరనుకున్నారు? మన అమ్మలు, పిన్నులు. గ్యాసు కట్టేసి, తలుపు గడియ పెట్టుకుని చదివారు. "కాష్మోరా" అన్న మాట వంటిళ్లలోకి అలాగే వచ్చింది. చదివి ఎవరూ పాడైపోలేదు. మనల్ని పెంచారు.

ఎందుకు చదివారంటే నాకు తోచిన కారణం ఒకటే. మన కథల్లో దెయ్యం దాదాపు ఎప్పుడూ ఆడదే. అదీ అన్యాయంగా చచ్చిపోయిన ఆడది. బతికుండగా ఆమె మాట ఎవరూ వినలేదు. చచ్చాక ఇంట్లో సామాన్లు ఎగరేస్తే గానీ, "అసలు నీకేం జరిగిందమ్మా" అని అడిగేవాడు దొరకలేదు. సినిమా మొదటి సగం భయం, రెండో సగం ఆ అడగడమే. ఏ ఫ్యామిలీ డ్రామా అయినా ఆడదాని ఫిర్యాదుని రెండు గంటలపాటు అంత శ్రద్ధగా వింటుందా? అందరూ సర్దుకుపో అంటారు. దెయ్యం సినిమా ఒక్కటే సర్దుకుపోకూడదంటుంది.

2009లో వచ్చిన అరుంధతినే తీసుకోండి. పసుపు కుంకుమలు, గద్వాల కోట, గ్రాఫిక్సు అన్నీ పక్కనబెడితే అది ఒక కామాంధుడి కథ, వాణ్ని ఎదుర్కొన్న ఒక ఆడపిల్ల కథ. జేజమ్మ దేనికీ ఎవడి కోసమో ఎదురుచూడదు. ఆ సినిమాకి పిల్లలు భయపడ్డారు, నిజమే. మా అమ్మాయి ఊహ తెలిశాక టీవీలో చూసి భయపడి, ఆనక దుప్పటి నడుముకి చుట్టుకుని నెలరోజులు జేజమ్మ ఆట ఆడింది. భయపడ్డ పిల్ల దేన్ని తనతో తెచ్చుకుందో చూశారు కదా.

2022లో వచ్చిన మసూద నాకు ఇంకా నచ్చింది. సంగీత వేసిన పాత్ర మన వయసుది. మొగుడి నుంచి విడిపోయి, ఉద్యోగం చేసుకుంటూ, కూతుర్ని ఒంటరిగా పెంచుకునే తల్లి. కూతురు ఉన్నట్టుండి వేరే మనిషిలా ప్రవర్తిస్తుంటే ఆ తల్లికి కలిగే భయం దెయ్యం భయం మాత్రమే కాదండీ. టీనేజీ పిల్లలున్న ప్రతి తల్లికీ తెలిసిన భయమే. నిన్నటిదాకా నా ఒళ్లో పడుకున్న పిల్ల ఈవేళ ఎవరో అన్నట్టు చూస్తుంది. దాన్ని అంత సూటిగా చూపించిన మామూలు సినిమా నాకు గుర్తు రావడం లేదు.

కామెడీ షోలకీ దెయ్యం సినిమాలకీ తేడా ఒకేచోట చూడాలంటే 2011లో వచ్చిన కాంచన చాలు. రాఘవ లారెన్స్ సినిమా. అందులో దెయ్యం ఒక ట్రాన్స్‌జెండర్ మనిషి, ఆ పాత్ర శరత్‌కుమార్ వేశారు. ఇంట్లోవాళ్లు వెళ్లగొట్టినా నిలదొక్కుకుని, తనలాంటి ఇంకో పిల్లని చదివించిన మనిషి. సినిమాలో వెకిలి కామెడీ లేకపోలేదు. కానీ కాంచన గతం చెప్పేటప్పుడు హాల్లో ఎవరూ నవ్వలేదు. మామూలు జనం, కుర్రకారు, అందరూ గమ్మున కూర్చుని చూశారు. అదే మనిషిని అదే చీరలో కామెడీ షోలో ఊహించుకోండి. ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

అలాగని దెయ్యాల సినిమాలన్నిటికీ హారతి పట్టమని చెప్పడం లేదు. వాటిలో కూడా తప్పించాల్సినవి ఉన్నాయి, అవి ఏంటో చెప్పకపోతే నా వాదన ఒంటికాలి మీద నిలబడుతుంది.

అన్నిటికన్నా పెద్ద తప్పు చేతబడి నిజమని తేల్చడం. దెయ్యం ఎవరి మీదా నేరం మోపదు, ఎందుకంటే ఆమె ఎప్పుడో చచ్చిపోయింది. చేతబడి అలా కాదు. చేతబడి ఉందంటే, చేసినవాళ్లు ఎవరో ఊళ్లో బతికే ఉన్నట్టు. ఆ "ఎవరో" ఎవరవుతారు? చివరింట్లో ఒంటరిగా ఉండే ముసలావిడ. మొగుడు పోయి, పిల్లలు లేని ఆవిడ. తెలంగాణ ఊళ్లలో బాణామతి అనీ, మన ఏజెన్సీ వైపు చిల్లంగి అనీ అనుమానించి మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు ఇప్పటికీ పేపర్లో వస్తూనే ఉన్నాయి. మా ఇంటికి పనికొచ్చే అమ్మాయి వాళ్ల మేనత్తని ఇలాంటి అనుమానంతోనే ఊరు వదిలి పొమ్మన్నారు. ఇప్పుడావిడ ఇక్కడ వీళ్లతో ఒక్క గదిలో ఉంటోంది. 2021లో మా ఊరి పొలిమేర, 2023లో విరూపాక్ష, రెండూ పట్టు తప్పకుండా తీసిన సినిమాలే. విరూపాక్షలో క్షుద్రపూజలు చేస్తున్నారని ఒక జంటని ఊరు ఊరంతా కలిసి తగలబెట్టే సీను ఒళ్లు గగుర్పొడుస్తుంది. అక్కడ ఆగి ఆ గుంపునే భయంకరంగా చూపించి ఉంటే ఎంత గొప్ప సినిమా అయ్యేది! కానీ కథ చివరికి మంత్రాలకి చింతకాయలు రాలతాయనే చెప్తుంది. అలాంటి సినిమా చూడొద్దనను. చూసి లేచేటప్పుడు పిల్లలతో ఆ మాట అనకుండా మాత్రం లేవొద్దు.

ఇంకో దారి ఉందని 1993లోనే మలయాళంవాళ్లు మణిచిత్రతాళుతో చూపించారు. 2005లో మనం చూసిన చంద్రముఖికి మూలం అదే. అందులో దెయ్యం పట్టిందనుకున్న అమ్మాయికి ఉన్నది మనసు జబ్బు, ఆమెకి కావలసింది వైద్యం. భయం ఒక్క చుక్క తగ్గకుండానే ఆ మాట చెప్పగలిగారు. ఇప్పటికీ పూనకం వచ్చిన పిల్లని వేపమండలతో కొట్టించేవాళ్లు ఉన్నారు కాబట్టి ఆ సినిమా అవసరం తీరిపోలేదు.

మిగతా తప్పులు చిన్నగా చెప్పేస్తాను. కథ లేక స్నానాల గది సీన్లతో నడిపేవి. దెయ్యాన్ని అడ్డం పెట్టుకుని బూతు జోకులు చెప్పేవి. వేరే మతంవాళ్ల బట్టల్నే భయంకరంగా చూపించేవి. మసూదలో నల్ల బుర్ఖాని వాడుకున్న తీరు నాకు ఇబ్బందిగానే అనిపించింది, నచ్చిన సినిమా అయినా సరే. రక్తం, పేగులు తప్ప ఇంకేమీ లేనివి. భయానకం బీభత్సం నుంచి పుడుతుందన్నాడు భరతుడు. పుట్టాక ఎదగాలి కదా, పుట్టినచోటే పొర్లుతుంటే ఎలా?

మరి పిల్లల మాటేంటంటారా? దానికి దెయ్యాల్ని మొత్తంగా నిషేధించక్కర్లేదు. సర్టిఫికెట్ చూడండి చాలు. సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని 2023లో సవరించి యూఏ అన్నదాన్ని మూడుగా విడగొట్టారు, 7 ఏళ్లు, 13 ఏళ్లు, 16 ఏళ్లు అని. ఓటీటీల్లో ఇలాంటి వయసు గుర్తులు 2021 నుంచే ఉన్నాయి. బొమ్మ మొదలయ్యే ముందు మూల మీద కనబడుతుంది. అది చూడకుండా ఆరేళ్ల పిల్లని ఒళ్లో పెట్టుకుని విరూపాక్ష చూసి, "దెయ్యం సినిమాలు మంచివి కావు" అనడం సినిమా తప్పా? అసలు నన్నడిగితే ఆ గుర్తు ఎక్కువ అవసరం ఉన్నది టీవీ కామెడీ షోలకి. సినిమాకి విడుదలకి ముందు బోర్డు ఉంది. టీవీ స్కిట్‌ని ముందుగా చూసి వయసు గుర్తు వేసే బోర్డు లేదు. అది తిన్నగా మన హాల్లోకి వస్తుంది, అన్నాలు తినే వేళకి. ఆ బోర్డు పని చెయ్యగలిగింది ఇంట్లో రిమోట్ పట్టుకున్నవాళ్లే.

కాబట్టి నా ఇంట్లో పాత రూలు తీసేసి కొత్త రూలు పెట్టాను. దెయ్యమా, కామెడీయా అని అడగను. మూడు ప్రశ్నలు అడుగుతాను. ఇందులో ఎవరికి దెబ్బ తగులుతోంది, ఆ దెబ్బ తగిలినవాళ్లు మన హాల్లో కూర్చుని ఉంటే ఇలాగే చూడగలమా? ఇది చూశాక మనిషి మీద జాలి పెరుగుతుందా, అనుమానం పెరుగుతుందా? రేపు నా పిల్లలు ఇందులోంచి ఏ మాట తెచ్చుకుంటారు? ఈ మూడూ దాటితే దెయ్యం అయినా రావచ్చు, కూర్చోవచ్చు. దాటకపోతే ఎంత నవ్వించినా ఛానెల్ మారుతుంది.

మావారికి మొదట్లో ఇది నచ్చలేదు. "ఇంట్లో నవ్వడానికి కూడా పర్మిషనా?" అన్నారు. నేను పోట్లాడలేదు. పెళ్లాం వంట మీద జోకు వచ్చినప్పుడల్లా టీవీ కట్టకుండా ఆయన వైపు తిరిగి, "ఇందులో నవ్వొచ్చేదేంటో నాకు కాస్త చెప్పండి" అని అడిగేదాన్ని. జోకుని విడమర్చి చెప్పడం మొదలెడితే దాంట్లో ఏమీ మిగలదు. నాలుగైదు సార్లయ్యాక ఆయనే రిమోట్ అందుకోవడం మొదలెట్టారు. ఇప్పుడు శనివారం రాత్రి పిల్లలతో కలిసి లైట్లు ఆర్పి దెయ్యం సినిమా చూస్తాం. మా అత్తగారు కూడా కూర్చుంటారు, దిండు అడ్డం పెట్టుకుని మరీ. సినిమా అయ్యాక ఆవిడ తన చిన్నప్పుడు ఊళ్లో బావిలో పడి చచ్చిపోయిన ఒక కొత్తకోడలి సంగతి చెప్పారు ఒకరోజు. యాభై ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదట. ఆ పిల్ల ఎందుకు పడిందో ఊళ్లో అందరికీ తెలుసట, ఎవరూ అడగలేదట. ఏ కామెడీ షో అయ్యాకా మా ఇంట్లో ఇలాంటి మాట బయటికి రాలేదు.

మీ ఇళ్లలో టీవీ కట్టెయ్యమని నేను అనడం లేదు. ఈసారి పెళ్లిలోనో ఫంక్షన్లోనో ఎవరో మైకు పట్టుకుని ఒక పిల్ల ఒంటి మీదో, రంగు మీదో జోకు వేస్తారు. వేస్తారు, అనుమానం లేదు. అప్పుడు ముందు వరసలో కూర్చున్న మనం నలుగురం నవ్వకుండా ఉందాం. ఆ పిల్ల మన ముఖాల వైపే చూస్తూ ఉంటుంది.